పదిహేడో నంబరు డాక్టరు

ఇరవై ఆరేళ్లు వార్డులో పులిలా తిరిగిన పెద్ద డాక్టరు యాభై ఆరో ఏట ఉద్యోగం వెతుక్కోవాల్సి వచ్చింది. ఆసుపత్రివాళ్లు రెండు వార్డులు కలిపి ఒకటి చేసి, చిన్న డాక్టర్లను ఉంచుకుని, ఈయన చేతిలో పూలగుత్తి పెట్టి సాగనంపారు. డాక్టరుకి పనికేం కరువు అనుకునేవాళ్లు తిరిగి తిరిగి అరిగిన ఆయన చెప్పులు చూసి మాట్లాడాలి. ఒకచోట వయసన్నారు. ఒకచోట కొత్త మిషన్లు వాడటం వచ్చా అన్నారు. ఇంకోచోట ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే, "కబురు చేస్తాం సార్" అన్నాడు. చివరికి ఓ బీమా కంపెనీలో ఫోను ముందు కుర్చీ దొరికింది. ఏ రోగిని ఎన్నాళ్లు ఆసుపత్రిలో ఉంచవచ్చో కాగితాలు చూసి చెప్పే పని. అక్కడి డాక్టర్లు పేరు చెప్పకూడదు, నంబరే చెప్పాలి. ఈయనది పదిహేడు.

ఇంట్లో మాత్రం ఆసుపత్రి ఉద్యోగమనే చెప్పాడు. పాపం, భార్య రోజూ తెల్లకోటు ఇస్త్రీ చేసి ఇస్తుంది. "నీకెందుకే ఈ శ్రమ" అంటూ దొంగలా అందుకుంటాడు. కోటు సంచిలోంచి బయటికి రాదు.

ఒక మధ్యాహ్నం ఫోనులో గొంతు వినగానే ఆయన గుర్తుపట్టాడు. పాత వార్డులోని పెద్ద నర్సు. కడుపు ఆపరేషనైన ముసలాయన్ని ఇంకో రెండు రోజులు ఉంచాలంటోంది.

"కాగితాల ప్రకారం కుదరదమ్మా" అన్నాడాయన, గొంతు మార్చి, ముక్కుతో.

"జ్వరం వచ్చింది కాగితాలకు కాదు సార్, మనిషికి! మా పాత డాక్టరుగారు ఉంటేనా, మీకు బాగా గడ్డి పెట్టేవారు."

పెట్టేవాడే. ఇలాంటి కుర్చీల్లోని వాళ్లను ఫోనులో ఉతికి ఆరేసిన రోజులు ఎన్నో. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

"కుట్ల దగ్గర గొట్టంలో నీరు ఎంత వచ్చింది? రంగేమిటి?" అని అడిగేశాడు. గొంతు మార్చడం మరిచిపోయాడు.

ఆమె గొంతులో కోపం పోయింది. వార్డులో ఆయనకు చెప్పినట్టే కొలత, రంగు, పొద్దుటి జ్వరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఆయన రెండు రోజులకు ఒప్పుకున్నాడు.

"మంచిది సార్" అంది. తరవాత నెమ్మదిగా అడిగింది: "భోజనం చేశారా?"

బీమా డాక్టరును ఎవరూ అలా అడగరు. వార్డులో రోజూ రెండింటికి ఆమె ఆయన్ని అడిగే మాట అది. తిట్టి ఉంటే తల వంచుకుని పడేవాడు. ఆ మాటకు మాత్రం తట్టుకోలేక ఫోను పెట్టేశాడు.