కొత్తల్లుడి అలక

ఆఫీసులో సెలవు చీటీలు, మెయిళ్లు మనిషి చెయ్యి పడకుండా వాటంతటవే కదిలేలా ఒక సర్వరు పెట్టి, దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటాడు అక్కడి కంప్యూటర్ల విభాగం పెద్దాయన. ఆ గదిలోకి చెప్పులు విడిచి వెళతాడు. అప్‌డేటు వేసేటప్పుడు తుమ్ము కూడా ఆపుకుంటాడు. ఈ మర్యాదలు చూసి అందరూ దాన్ని కొత్తల్లుడనీ, ఆయన్ను మామగారనీ అంటారు. అది ఆగిపోతే తన ఫోనుకు కబురొచ్చే ఏర్పాటు కూడా చేసుకున్నాడు. వారమంతా ఏ కబురూ రాకపోయేసరికి మీసం మెలేసుకుంటూ తిరిగాడు. చివరికి అకౌంట్సు ఆవిడ వచ్చింది.

“మామగారూ, రేపే మా చెల్లి పెళ్లి. నా సెలవు చీటీ వారం నుంచీ కదల్లేదు. మీ అల్లుడు ఆగిపోయినట్టున్నాడు.”

“ఆగితే నాకు కబురొచ్చేదమ్మా.”

“ఆ కబురు పంపేదెవరండీ?”

“ఇంకెవరు, అల్లుడే...” అంటూనే నాలుక్కరుచుకుని, చెప్పులతోనే సర్వరు గదిలోకి పరుగెత్తాడు.