చౌరస్తా ఫ్లెక్సీ మీద మా అమ్మాయి

నా భార్య తమ్ముడు జనగామ చౌరస్తా నుంచి ఫోన్ చేశాడు. తరిగొప్పులలో వ్యవసాయం చేసుకునే మనిషి. ఇంజనీరింగ్‌లో చేరబోయే కూతురి సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించడానికి వచ్చి, మా అమ్మాయి చదివిన కాలేజీవాళ్ళు కట్టిన ఫ్లెక్సీ చూశాడట.

"బావా, కోడలు బొమ్మ గింత పెద్దగ పెట్టిండ్రు! పక్క ఫ్లెక్సీల లీడర్లు గుడ చిన్నగ కనవడుతుండ్రు."

నవ్వాను.

"మా పిల్లకు గుడ గదే కాలేజీ మొదటి ఆప్షన్ పెడుతున్న. రేపే ఆఖరు. ఏమంటవ్?"

"పెట్టు. మంచి కాలేజీ."

వంటింటి గడప దగ్గర మా అమ్మాయి వింటోంది. ఫ్లెక్సీ మీద ఆమె ఫొటో కింద పేరున్న కంపెనీ ఆఫర్ లెటర్ అయితే ఇచ్చింది గానీ, ఇంతవరకూ చేరమని పిలవలేదు. భూపాలపల్లిలో మా ఇంట్లోనే ఆమె చిన్నపిల్లలకు ట్యూషన్ చెబుతోంది. గనిలో నా తోటివాళ్ళతో మాత్రం ఇంటి నుంచే కంపెనీ పని చేస్తోందని చెప్పుకుంటున్నాను.

"నాయినా, నా సంగతంటే అయిపాయె. దాన్ని గుడ ఎందుకు ముంచుతవ్?" అంది.

చేరేటప్పుడు ఆమె అడిగిన కాలేజీ వేరు. అక్కడ చదివిన మహబూబాబాద్ అమ్మాయితో మాట్లాడి, మూడో ఏడాదే ఇంటర్న్‌షిప్‌కు పంపుతారని తెలుసుకుంది. నేను వినలేదు. నేను చూసొచ్చిన కాలేజీకి అద్దాల బిల్డింగు ఉంది. గేటు నుంచి మెట్ల దాకా ఉద్యోగాలొచ్చిన పిల్లల ఫొటోలున్నాయి. నా కూతురు అక్కడ కనబడితే చాలనుకున్నాను. కనబడింది.

మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్ళే ముందు బామ్మర్దికి ఫోన్ చేశాను.

"ఆ కాలేజీ పెట్టకు. పిల్లకు నౌకరీ రాలే."

"మరి నిన్న మంచిదంటివి?"

"నువ్వు సంబురంగ చెప్తుంటే నోరు రాలే."

"మా పిల్ల చదువు కంటె నీ నామోషీ పెద్దగైందా బావా?"

ఫోన్ అమ్మాయికి ఇచ్చేశాను.

"మామా, ఫొటోలు జూడకు. పోయినేడు చదివినోళ్ళతోని మాట్లాడు. ఇంటర్న్‌షిప్ యాడ జేసిండ్రు, ఇప్పుడు యాడ పని జేస్తుండ్రు, గంతే అడుగు."

ఇవే మాటలు ఒకప్పుడు నాతోనూ చెప్పింది. మామ మాత్రం మధ్యలో ఆపి, జర మెల్లగ చెప్పు బిడ్డా, రాసుకుంట అంటున్నాడు. నేను చెప్పులేసుకుని బయటికి నడిచాను.