ముద్ర కింద నంబరు

నిప్పును ఎవరు కనిపెట్టారో, చక్రాన్ని మొదట ఎవరు దొర్లించారో చరిత్ర తేల్చలేకపోయింది గానీ, భోజనానికి కూర్చోగానే ప్లేటు బోర్లించి అడుగు చూసే విద్యకు పుట్టిల్లు ఏదో మాత్రం నిస్సందేహంగా చెప్పవచ్చు. అది ఒహాయో నది ఒడ్డునున్న ఈస్ట్ లివర్‌పూల్. ఆ ఊళ్ళో సగం మంది పింగాణీ కార్ఖానాల్లో పనిచేసినవాళ్ళు. మిగతా సగం వాళ్ళ కడుపున పుట్టినవాళ్ళు. ఎవరింట కూర్చున్నా ముందు ప్లేటు తిప్పి, ఏ కార్ఖానా ముద్రో చూసుకుని, ఆ తరువాతే దేవుణ్ణి తలచుకుంటారు.

ఈ విద్యలో డెల్బర్ట్ మెక్‌గిల్‌ను మించినవాడు లేడు. అచ్చులు పోసే పనిలో ముప్ఫై అయిదేళ్ళు చేతులు అరగదీసుకున్న మనిషి. మిగతావాళ్ళది అలవాటు, ఆయనది వెతుకులాట. తల్లి హేజెల్, మార్స్‌డెన్ అనే కార్ఖానాలో ప్లేట్ల అంచులకు బంగారు గీతలు వేసేది. ఎవరి పని ఎవరిదో తెలియాలని ఒక్కొక్కరూ ముద్ర కింద తమ నంబరు రాసేవారు. ఆమెది 61. డెల్బర్ట్‌కు తొమ్మిదేళ్ళప్పుడు ఇంట్లో ప్లేట్లన్నిటినీ వరద తీసుకుపోయింది. మరుసటి చలికాలం జ్వరం ఆమెను తీసుకుపోయింది. ఆమె చెయ్యి పడిన వస్తువు ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. యాభై ఏళ్ళుగా ఆయన ప్లేట్లు తిప్పుతున్నది అందుకు.

1987 అక్టోబరులో ఒక ఆదివారం, కూతురు రోండా పెళ్ళి మాట్లాడుకోవడానికి పిట్స్‌బర్గ్‌లో కాబోయే వియ్యపురాలు మిసెస్ విట్‌మర్ ఇంటికి భోజనానికి వెళ్ళారు. కారు దిగబోతుంటే భార్య ఓపల్ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒట్టు వెయ్యి. ఇవాళ దేన్నీ తిప్పవు."

"సాసరు కూడానా?"

"ఈస్టరు నాడు పాస్టరుగారి ఒళ్ళో కాఫీ పోసింది ఎవరు? సాసరు కూడా!"

వేశాడు.

మిసెస్ విట్‌మర్ మాంసమూ, మెదిపిన ఆలుగడ్డా పెట్టి, పైన చిక్కటి గ్రేవీ పోసింది. డెల్బర్ట్ ఫోర్కు గాల్లోనే ఆగింది. ప్లేటు అంచున బంగారు గీత. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తెలియడం లేదు. 'మీ అమ్మ గీతకు అతుకు దొరకదురా' అనేవాడు తండ్రి.

ఒట్టు సంగతి తరువాత, ముందు గ్రేవీ ఖాళీ కావాలి. గబగబా తినేశాడు.

"అయ్యో, ఎంత ఆకలి మీదున్నారో!" అంటూ ఆవిడ మళ్ళీ నింపింది. మళ్ళీ తిన్నాడు. ఆవిడ ముచ్చటపడి మూడోసారీ నింపింది.

"నాన్నా, ఇంట్లో నీకు తిండి పెట్టడం లేదనుకుంటారు," అని రోండా పళ్ళ బిగువున గొణిగింది. బల్ల కింద ఓపల్ చెప్పు మడమ ఆయన కాలి మీద దిగింది.

చెమటలు కక్కుతూ మూడో వాయి ముగించాడు. మిసెస్ విట్‌మర్ ఎంగిలి ప్లేటు అందుకోబోయింది. ఆయన రెండో అంచు పట్టుకున్నాడు.

"వదలండి డెల్బర్ట్ గారూ. తీపికి యాపిల్ పై తెస్తాను."

"వదల్లేనండీ."

కాబోయే అల్లుడు కర్ట్ నీళ్ళ గ్లాసు దించాడు. రోండా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇది మా అత్తగారి ప్లేటు. దీంతో మీకేం పని?" ఆవిడ గొంతులో ముచ్చట లేదు.

ఓపల్ నిట్టూర్చింది. "ప్లేటుతో కాదండీ, ఆయనకి వాళ్ళమ్మతో పని." సంగతంతా నాలుగు ముక్కల్లో చెప్పింది. తరువాత మొగుడి వైపు తిరిగింది. "ఒట్టు తీసి గట్టున పెట్టాను. తిప్పి చావు."

ముందు ముద్ర, తరువాత నంబరు. యాభై ఏళ్ళుగా ఆయన ఈ వరస తప్పలేదు. ఆ రోజు తప్పాడు. ప్లేటు బోర్లించగానే చూపు తిన్నగా నంబరు మీదికే దూకింది. బంగారు రంగులో, చేత్తో రాసిన 61.

"అమ్మ," అన్నాడు.

రోండా లేచి వచ్చి తండ్రి మెడ చుట్టూ చేతులు వేసింది. మిసెస్ విట్‌మర్ ముక్కు తుడుచుకుంది. "అది మీ దగ్గరే ఉండాలి అన్నయ్యగారూ," అని, చుట్టి ఇవ్వడానికి మంచి గుడ్డ కోసం వంటింట్లోకి వెళ్ళింది. పెళ్ళి ఖాయమైనట్టే.

డెల్బర్ట్ కళ్ళు ఒత్తుకుని, ఆలస్యంగానైనా, ముద్ర చదవబోయాడు. మార్స్‌డెన్ పేరు తలకిందులుగా ఉంది. పేరు నిటారుగా వచ్చేలా ప్లేటును మెల్లగా తిప్పాడు.

నంబరు 61 కాదు, 19.