బొజేనా సీసా

లుబ్లిన్ నగరంలోని ఒక ప్రయోగశాలలో బొజేనా రోజు ఫ్రిజ్ మీద చిరాకుతోనే మొదలవుతుంది. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఒక్కో సీసా వెలుతురుకెత్తి చూసి, ఎవరి పెరుగు డబ్బా దొరికినా వరండా చివరిదాకా వినబడేలా తిడుతుంది. ఆమె పని సూక్ష్మజీవుల్ని పెంచడం. అవి విడిచే కంటికానని బుడగల్లో కేన్సర్ మందు నింపి, కణితులున్న ఎలుకలకు ఎక్కిస్తారు. క్రిములొచ్చాయనుకుని ఒంట్లోని రక్షక కణాలు లేచి కణితి మీద పడతాయి. తను పెంచిన ప్రతి సీసా మీదా బొజేనా "బొ" అని రాసి తేదీ వేస్తుంది.

నిన్న ఆ బుడగల్ని వేరుచేయడానికి అక్కడి పరిశోధకురాలు డాక్టర్ యగోద ఫ్రిజ్‌లోని ఒక సీసాలోంచి తీసి రోజంతా యంత్రంలో తిప్పిన నీళ్లు పుల్లటి వాసన కొట్టాయి. "ఇవి దోసకాయలు ఊరేసిన నీళ్లు! ఎవరిదీ నిర్వాకం? ఇది ప్రయోగశాలా, మీ వంటిల్లా?" అని బొజేనా విరుచుకుపడింది. యగోద ఖాళీ సీసా తిప్పి చూపించింది. "బొ", సోమవారం తేదీ. "మీ రాతే కదండీ, మీరు పెంచినవే అనుకున్నాను." బొజేనా కళ్లద్దాలు దించుకుని చదివింది. కడుపుకి మంచిదని తాగడానికి ఇంటినుంచి తెచ్చుకున్న ఆ ఊరనీళ్ల సీసా మీద కూడా చెయ్యి అలవాటుగా రాసేసింది. "పోనీలెండి, ఎలుకలు ఇంకో వారం ఆగుతాయి," అంది యగోద. బొజేనా మొట్టమొదటిసారిగా గొంతు తగ్గించింది. "వాటి కణితులు ఆగవే, తల్లీ."