పెద్దాయన ఆయుష్షు

పందొమ్మిది వందల అరవైల చివర్లో నా భయమంతా రేడియోలోంచి వచ్చేది. వార్తలు మొదలవగానే చేతిలో పని ఆపేసేదాన్ని, ఢిల్లీలో ఒక పెద్దాయన పోయాడని చెబుతారేమోనని.

మావారు పార్లమెంటు సభ్యులు. సభలో అందరికన్నా ఎక్కువకాలం ఉన్నవాణ్ణి సభా పితామహుడంటారట. జీతం పెరగదు, కుర్చీ మారదు, ఉత్త గౌరవం. అప్పటికి ఆ బిరుదు వేరే రాష్ట్రపు పెద్దాయనది. ఆయన తర్వాత వరుసలో ఉన్నది మావారే.

ఆ ఏడే మావారికి గుండెనొప్పి వచ్చింది. రైలు ప్రయాణాలు మానకపోతే ప్రాణానికే ముప్పని విశాఖపట్నం డాక్టరు చెప్పాడు. రాజీనామా ఇస్తానని నాకు మాటిచ్చారు. మాట మీద నిలబడే మనిషయితే అన్నిసార్లు ఎలా గెలుస్తారు?

"ఇంకొక్క సమావేశం సూస్తానే. ఆ ముసిలాయన తర్వాత నేనే కదేటి," అనేవారు మాత్ర మింగుతూ.

పెద్దాయన గట్టిగా ఉంటే ఈయన విసిగి ఇంటికొస్తారు. ఆయన పోతే ఈయన ఆ బిరుదు పట్టుకుని సభలోనే కూలిపోతారు. అందుకని ప్రతి ఆదివారం అరసవల్లి వెళ్లి ఆ పెద్దాయన పేరున అర్చన చేయించేదాన్ని. మొదటిసారి పూజారి గోత్రం అడిగితే నాకేం తెలుసు? మా గోత్రమే చెప్పేశాను. అదే అలవాటైపోయింది.

ఒక ఉదయం రేడియో ఆ కబురు చెప్పేసింది. పొయ్యి ఆర్పేసి రేడియో కట్టేశాను. మధ్యాహ్నానికల్లా జనం పొందూరు కండువాలూ దండలూ పట్టుకొచ్చారు, పోయినాయన ఇంకా పాడె మీదే ఉన్నాడన్న సిగ్గు లేకుండా.

సాయంత్రం టెలిగ్రాం వచ్చింది. మావారి తర్వాత వరుసలో ఉన్న సభ్యుడు అభినందించి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. మావారు దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నేనూ ఆ ముసిలాయన్ని ఇలాగే అడిగీవోణ్ణి. ఎందుకడిగీవోణ్ణో నాకు తెలుసు కదే," అన్నారు.

ఆ ఆదివారం అరసవల్లికి నాతో తనూ వచ్చారు. పూజారి అలవాటు కొద్దీ మా గోత్రం చదివి, పోయిన పెద్దాయన పేరు అందుకున్నాడు.

"మన గోత్రంలో ఆయన పేరేటే?" అన్నారు మావారు.

ఇన్నాళ్లూ ఆయన ఆయుష్షు కోసం మొక్కుతున్నానని చెప్పక తప్పలేదు. విని జేబులోని టెలిగ్రాం తడుముకున్నారు.

"మరి ఆ టెలిగ్రామోడి పెళ్లాం నాకోసం మొక్కుతాదేటి?"

మొక్కదేమోనని నాకూ భయంగా ఉంది. పూజారికి ఈసారి మావారి పేరు చెప్పాను. ఢిల్లీ ప్రయాణానికి మాత్రం పెట్టె సర్దలేదు. ఎందుకు సర్దలేదని ఆయనా అడగలేదు.