చీకట్లో మొలిచిన జీడిమొక్కలు

ఆ టార్పాలిన్ కప్పింది నేనే. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, నాన్నకు చెప్పలేదు, హైస్కూలు రోజుల నుంచి విడవకుండా రాసుకుంటున్న నా డైరీకి కూడా చెప్పలేదు. దాన్ని తీసేసిన మర్నాటి పేజీ తిప్పి చూస్తే "ఎండ బాగా కాసింది" అన్న ఒక్క వాక్యమే ఉంటుంది.

ఇన్నేళ్ళ తర్వాత చెప్పాలనిపించడానికి కారణం మా కాలేజీ ల్యాబులోని ఇనుప బీరువా. టెక్కలిలో ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతుంటాను. పాఠం కోసం మట్టి మూకుళ్ళలో పెసలు చల్లి, ఒక గాజుసీసాలో కాలేజీ వెనక నీళ్ళతొట్టిలోని పచ్చనాచు కొంచెం తీసి, అందులో తిండిగా చిటికెడు గ్లూకోజు కలిపి, రెండింటినీ ఆ బీరువాలో పెట్టి తాళం వేశాం. పోయిన వారం పిల్లలందరి ముందూ తలుపు తెరిస్తే, పెసర మొలకలు జానెడు పొడవు సాగి, పసుప్పచ్చగా పాలిపోయి ఒకదాని మీద ఒకటి వాలిపోయి ఉన్నాయి. నాచు మాత్రం రెట్టింపు పెరిగి, పెట్టినప్పుడు ఎంత పచ్చగా ఉందో అంత పచ్చగానూ ఉంది. ఒకే చీకట్లో ఉన్నాయి కదా, మరి దీనికి రంగెలా వచ్చిందని ఒక పిల్ల అడిగింది. పిల్లల మొహాలు చూస్తూ పాఠం చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు, బోర్డు వైపు తిరిగే చెబుతాను. ఆ రోజు అలా తిరిగి ఉండటమే మంచిదైంది.

ఆకుపచ్చ రంగు తయారీలో ఇంచుమించు చివర ఒక మెట్టు ఉంది. ఆ మెట్టు ఎక్కించే ఎంజైములు లోకంలో రెండు రకాలు. మొదటిది చాలా పాతది. గాలిలో ఇంకా ఆక్సిజన్ లేని కాలంలో సూక్ష్మజీవుల్లో పుట్టింది, దానికి వెలుగుతో పనిలేదు, కటిక చీకట్లో కూడా తన పని తాను చేసుకుపోతుంది. తర్వాత ఆక్సిజన్ వదిలే జీవులు వచ్చాయి. మనకు ప్రాణమైన ఆ గాలి ఆనాటి జీవులకు విషం. ఎన్ని రకాలు ఆ విషానికి కాలి, కుళ్ళి, పేరు లేకుండా పోయాయో ఎవరూ చెప్పలేరు. పాత ఎంజైముకూ ఆ గాలి తగిలితే చేతులు పడిపోయేవి. ఆ మారణకాండ మధ్యలో రెండో రకం పుట్టింది. దానికి ఆక్సిజన్ అంటే జంకు లేదు, కానీ వెలుతురు పడితే తప్ప కదలదు. నాచులు చాలామటుకు రెండింటినీ దాచుకున్నాయి, కొండల్లో పెరిగే దేవదారూ దాచుకుంది. పూలు పూసే మొక్కలు మాత్రం దారిలో ఎక్కడో పాతదాన్ని పోగొట్టుకున్నాయి. మన తీరం వెంట ఉన్న సరుగుడు చూడ్డానికి దేవదారు చుట్టంలా ఉన్నా అదీ పూలమొక్కే, చీకట్లో పెడితే అదీ పాలిపోవలసిందే. పెసరా అంతే, వరీ అంతే, జీడీ అంతే. జీడి అనే మాట దగ్గర నా చేతిలో సుద్దముక్క విరిగింది. నీళ్ళు తాగి వస్తానని చెప్పి వరండాలోకి వెళ్ళి, గంట కొట్టేదాకా అక్కడే నిలబడ్డాను.

నా ఈడు ఉద్దానం వాళ్ళకి ఆ అక్టోబరు తుఫాను గురించి వేరే చెప్పక్కర్లేదు. తెల్లవారి తలుపు తీసేసరికి మా కొబ్బరితోట లేదు. కొన్ని చెట్లు మెడలు విరిగి తలకాయలు లేకుండా నిలబడ్డాయి, కొన్ని వేళ్ళతో సహా పైకి లేచి పక్కచెట్టును కూడా చంపి పడ్డాయి, జీడిచెట్లయితే ఎవరో కాళ్ళు పట్టి నిలువునా చీల్చినట్టు రెండుగా విచ్చుకుపోయాయి. ఎటు చూసినా పచ్చి కలప వాసన, దాని వెనకే చచ్చిన పశువుల వాసన. మా తాత నాటిన తోట అది. నాన్నకు సగం, చిన్నాన్నకు సగం, మధ్యలో గట్టు. పడిన చెట్లకు గట్టు తెలియదు కదా. మా చెట్టు వాళ్ళవైపు, వాళ్ళ చెట్టు మావైపు పడి ఏ దుంగ ఎవరిదన్న దగ్గర ఇద్దరికీ మాట మాట పెరిగింది. అంతవరకు ఒకరి చొక్కా ఒకరు తొడుక్కు తిరిగిన అన్నదమ్ములు, నెల తిరక్కుండా ఒకరు టీకొట్టు దగ్గరికొస్తే ఒకరు లేచి వెళ్ళిపోయేంత దూరమయ్యారు.

అయినా నాన్న చేతులు ముడుచుకు కూర్చోలేదు. వేసవిలో దాచిన జీడిగింజల్లో గట్టివి ఏరి, నల్ల కవర్లలో మట్టీ ఎరువూ నింపి, పెరట్లో గోడనీడన వరసలుగా పేర్చాడు. తోట మళ్ళీ లేవాలంటే ఆ కవర్లే దిక్కు. కొనితెచ్చి నాటే స్తోమత లేదు, ఉన్నదంతా అమ్మ కిడ్నీల వైద్యానికే పోతోంది. గింజలు అప్పుడప్పుడే పగిలి మొలక తల ఎత్తుతున్న రోజుల్లో అమ్మకు ఒళ్ళంతా నీరు పట్టి, నాన్న ఆమెను పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పన్నెండు రోజులు అక్కడే ఉండిపోయారు. ఇంట్లో నేనొక్కదాన్నే. అన్నదమ్ములు మాట్లాడుకోకపోయినా పిన్ని మాత్రం పూటపూటకీ నాకు అన్నం గిన్నె పంపేది, అందులో చేపముక్క పెద్దది నాకే వేయమని చిన్నాన్న చెప్పాడని కూడా చెప్పి పంపేది.

సముద్రంలో మళ్ళీ వాయుగుండం అన్నారు. మొలకలు వానకి కుళ్ళిపోతాయని భయపడి, తుఫాను సాయంలో పంచిన నల్ల టార్పాలిన్ తెచ్చి కవర్ల మీద కప్పి, చుట్టూ ఇటుకలు పెట్టాను. రెండు రోజులు వాన పడి వెలిసింది. మర్నాడు తీద్దామనుకున్నాను. అప్పటికి డిగ్రీ రెండో ఏడు. లైబ్రరీ నుంచి తెచ్చిన లావుపాటి నవల ఒకటి చేతిలో ఉంది. అందులో పడి నేను తిండే మరిచిపోయానంటే ఇక మొక్కల సంగతి చెప్పేదేముంది. చీకట్లో మొక్క పచ్చబడదన్న పాఠం ఆ ఏడే చదివాను, నోట్సులో ఎర్రసిరాతో గీత కూడా గీసుకున్నాను. పుస్తకంలోని మొక్కా మా పెరట్లోని మొక్కా ఒకటేనని మాత్రం నా బుర్రకి తట్టలేదు.

రేపు వస్తున్నామని నాన్న ఫోను చేసిన సాయంత్రం, కప్పిన మొక్కలు గుర్తొచ్చాయి. పరుగెత్తి టార్పాలిన్ లాగేస్తే, కవర్లన్నిటిలోనూ పసుప్పచ్చటి ఆకులు. జీడిచిగురు రాగిరంగులో రావాలి, ఆ ఎరుపు ఛాయ కూడా లేదు. పొద్దు వాలిపోయింది. రేపు ఎండ తగిలితే అవే సర్దుకుంటాయని నాకు నేను చెప్పుకుని, టార్పాలిన్ మడిచి అటక మీద పెట్టేశాను.

ఎండకి ఆ వ్యవధి దొరకలేదు. నాన్న తొలి ఆటోకే వచ్చి, అమ్మను మంచం మీద పడుకోబెట్టి, చేతిసంచి దించకుండానే పెరట్లోకి వెళ్ళాడు. దడికి అవతల చిన్నాన్న తోట. రెండు రోజుల కిందట అక్కడ కలుపుమందు కొట్టించాడు, ఆ ఘాటు ఇంకా గాలిలో ఉంది. నాన్న మొక్కల్ని చూశాడు, గాలి పీల్చాడు, చూరులోంచి కొబ్బరికాయల కత్తి తీశాడు. నేను వెనకాలే దడి దాకా వెళ్ళి, కమ్మల సందులోంచి చూస్తూ ఆగిపోయాను.

చిన్నాన్న పడిన దుంగ మీద ఒక కాలు పెట్టి దాన్ని నరుకుతున్నాడు. తన మొక్కల మీద ఏం చల్లావని నాన్న అడిగాడు. తన కలుపుకి తాను కొట్టుకున్నానని, దడి కూడా దాటలేదని చిన్నాన్న చెప్పాడు. దాటకుండా చంపడం నీకు బాగా తెలుసులే అన్నాడు నాన్న. చిన్నాన్నకు ఏ గొడవనైనా నవ్వులోకి తిప్పే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది, ఆ రోజూ అదే చేశాడు.

"మొక్కలకి పచ్చకామెర్లొచ్చినాయేటి అన్నియ్యా? రా, ఆకుపసరు పోయిద్దాం."

పన్నెండు రోజులు ఆసుపత్రి నేల మీద పడుకుని వచ్చిన మనిషి ఆ నవ్వు భరించలేకపోయాడు. కత్తి లేచింది. చిన్నాన్న కుడిచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చప్పుడు పెద్దగా ఏమీ లేదు, లేత కొబ్బరిమట్ట నరికినట్టుంది. తర్వాత రక్తం, మోచేతి మీదుగా ధారకట్టి, చెక్కపొట్టు మీద పడి అక్కడికక్కడే ఇంకిపోయింది. మణికట్టు పైన తెల్లగా ఎముక కనిపించింది. పిన్ని అరుపు విని జనం పరుగెత్తుకొచ్చేసరికి నాన్న పెరట్లోకి తిరిగొచ్చి, అదే కత్తితో కవర్ల మీద పడ్డాడు. వరస వెంట వరస నరికాడు, నరకలేక తొక్కాడు, చివరికి మోకాళ్ళ మీద కూలబడి చేతులతో పీకి చించి పారేశాడు. చిన్నాన్న రక్తమూ మొక్కల మట్టీ కలిసి ఆయన చేతులు నల్లబడ్డాయి.

నాకప్పుడు రెండు సంగతులు తెలుసు. కప్పింది నేనని తెలుసు. రాయి కింద గడ్డి పాలిపోతుందని ఎరగని రైతు ఎవడు? ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే నాన్న నన్ను నాలుగు తిట్టి ఊరుకునేవాడు. రెండోది పుస్తకం చెప్పింది. ఆకును చంపే మందుల్లో కొన్ని పసుపురంగు తయారుచేసే ఎంజైమునే పట్టి ఆపేస్తాయి, అప్పుడు ఆకు సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. చిన్నాన్న కొట్టించినదీ ఆ రకమే, ఊళ్ళో ఒకరి చేలో దానికి ఆకులు అలా తెల్లబడటం నాన్న చూశాడు కూడా. మావి తెల్లగా లేవు, పసుపుగా ఉన్నాయి. పసుపురంగు చీకట్లోనూ తయారవుతుంది. ఆ పసుపే చిన్నాన్న నిర్దోషి అని చెబుతున్న సాక్షి. దడి ఇవతల నేను ఇంత తెలిసీ నిలబడ్డాను. మగవాళ్ళ మధ్యకి వెళ్ళి గొంతు పెగల్చడం ఎప్పుడూ అలవాటు లేక నిలబడ్డానని చాలా ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. నేను భయపడింది కత్తికి కాదు, తిట్లకి.

సాయంత్రం పిన్ని అన్నదమ్ములు కర్రలతో వచ్చి మా పెంకులన్నీ పగలగొట్టారు, నాన్నను వీధిలోకి ఈడ్చి భుజం విరిగేలా కొట్టారు. అమ్మ లేవలేక మంచం మీది నుంచే అందరికీ దండాలు పెట్టింది. పెద్దమనుషులు చేరి, పోలీసుల దాకా వెళ్ళకుండా రాజీ చేశారు. మూడో రోజు పెరడు ఊడుస్తుంటే, చిరిగిన కవర్ల కింద పక్కకి ఒరిగి, నరుకు తగలకుండా మిగిలిన మొక్కలు నాలుగు కనిపించాయి. రెండు రోజుల ఎండకి వాటి ఆకులు చక్కగా పచ్చబడ్డాయి. ఎవరు చూసినా తెలిసిపోతుంది, విషం తాగిన మొక్కలు కావవి. నాన్న అరుగు మీద కట్టుతో కూర్చుని ఉన్నాడు, నేను పిలిస్తే వినిపించేంత దూరంలో. పిలవలేదు. నాలుగింటినీ వేళ్ళతో పెకలించి, కాడలు తుంచి, ఆకుల్ని గుప్పిట్లో నలిపి పెంటకుప్పలో కప్పేశాను. గోళ్ళలో పసరు రెండు రోజులు పోలేదు. ఆ ఇంట్లో జరిగిన హింసలో నా వాటా అది. అన్నిటికంటే నీచమైనది కూడా అదే.

అమ్మ మరుసటి ఏడే పోయింది. చిన్నాన్న చెయ్యి అతికింది కానీ వేళ్ళు ముడుచుకోవు. చెట్టెక్కలేక, కాయ ఒలవలేక, సగం తోట కౌలుకిచ్చి హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా వెళ్ళిపోయాడు. గట్టు ఉన్నచోట ఇప్పుడు సిమెంటు ఇటుకల గోడ ఉంది. కొత్త కొబ్బరి కాపుకొచ్చింది, తుఫాను తర్వాత పుట్టిన పిల్లలకి ఆ తోట ఎప్పుడూ అలాగే ఉన్నట్టుంటుంది. మునుపు మా ఊళ్ళో ఎవరింటి గొడవలోనైనా ఒక ముసలమ్మ అడ్డం దూరి రెండువైపులా తిట్టి నిలబెట్టేది. ఇప్పుడు అందరూ నాలాగే సందులోంచి చూస్తున్నారు. నాన్న పెద్దవాడైపోయాడు. తమ్ముడు తన మొక్కలకి విషం పెట్టాడనే నమ్మకంతోనే బతుకుతున్నాడు, ఆ నమ్మకం తీసేస్తే తన చేతిని తాను ఏ కళ్ళతో చూసుకుంటాడోనని నేనూ ఊరుకుంటున్నాను. లక్షల తరాల కింద పోగొట్టుకున్న ఒక్క ఎంజైము గురించి పిల్లలకి బోర్డు నిండా రాయగలను. నా నోటికి రావలసిన ఒక్క వాక్యం మాత్రం ఈ కాగితం దాకా వచ్చేసరికి ఇన్నేళ్ళు పట్టింది.

చిన్నాన్నను ఆఖరిసారి చూసింది పలాస స్టేషనులో. నేను పైచదువుకి విశాఖపట్నం వెళ్ళడానికి వచ్చాను, ఆయన ఎవరిదో దినకార్యానికి వచ్చి తిరిగి వెళుతున్నాడు. ఎడమచేత్తో సంచి మోసుకొచ్చి నా పక్కన కూర్చుని, ఉడకబెట్టిన వేరుశెనగల పొట్లం నా చేతిలో పెట్టి, నాన్న భుజం ఎలా ఉంది, వానాకాలం సలుపుతోందా అని అడిగాడు. ఆయన బండి ముందొచ్చింది. ఆ చలికాలంలోనే ఆయనకీ అమ్మ జబ్బే పట్టి, ఊరు చేరకుండానే పోయాడు. ఆ రోజు స్టేషనులో బండి కదులుతుంటే కిటికీ ఊచల్లోంచి వంగి, ఎంతో కాలంగా దాచుకున్నదేదో అడుగుతున్నట్టు మెల్లగా అడిగాడు:

"అమ్మీ, నువ్వు మొక్కల సదువే సదువుతన్నావు కదా. ఆ రోజు నా మందే గాలికి కొట్టుకొచ్చి మీ మొక్కల్ని సంపేసిందేటి? నిజం సెప్పీ తల్లీ, నానేటీ అనుకోను."