యాకూబ్ భాయి కారు షెడ్డుకు వేసిన నేల

రాసుకో తల్లీ, ముందు ఉద్యోగం సంగతి రాయి. 2011లో నేను జగిత్యాలలో భవనాల విభాగం అసిస్టెంట్ ఇంజనీరును. ఏఈ అంటారు. మా పైన డీఈ, ఆయన పైన ఈఈ. ప్రభుత్వం కట్టించే బడులు, ఆసుపత్రుల దగ్గర పునాది మొదలు నేల దాకా నిలబడి చూసుకోవడం, కొలతలు తీయడం ఏఈ పని. కోరుట్ల నా సెక్షన్, అక్కడి పనులన్నీ నావే. ఆ ఏడాదే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. మా ఆఫీసుకూ తాళం పడింది. పొద్దున శిబిరంలో కూర్చునేవాళ్లం, నినాదాలిచ్చి మధ్యాహ్నానికి లేచేవాళ్లం. ఉద్యోగంలో చేరాక నాకు మధ్యాహ్నాలు ఖాళీగా దొరికింది అప్పుడే.

అలాంటి ఒక మధ్యాహ్నం యాకూబ్ భాయి ఫోన్ చేశాడు. ఆయన ఒకప్పుడు మా ఆఫీసు జీపు డ్రైవరు. సిరిసిల్లలో ఒక పని చూసుకుని తిరిగొస్తుంటే రుద్రంగి దాటాక మా జీపు బోల్తా పడింది. నాకు మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. ఆయన తొడలో రాడ్డు వేయాల్సి వచ్చింది. జీపు ఎక్కి దిగడం కష్టమై ముందుగానే రిటైరయ్యాడు. పాత కారొకటి కొని కోరుట్లలో కిరాయికి తిప్పుకుంటున్నాడు.

"మేడం, షెడ్డుల కింద ఏమన్న ఏపియ్యాలె. సిమెంటంత పెచ్చులు లేసింది. మొన్న ఇంజన్ ఆయిల్ మీద కాలు జారి పడ్డ. ఇంకోసారి పడితే ఇగ నడుసుడు మర్చిపో అన్నడు డాక్టరు."

మరునాడే వెళ్లాను. ఇంటికి ఆనుకుని రేకుల షెడ్డు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే చదివేవాళ్లకు అర్థం కాదు. మన దిక్కు కారు షెడ్డు కారుకు మాత్రమే కాదు. కారు కిరాయికి వెళ్లగానే యాకూబ్ భాయి భార్య రజియా, చుట్టుపక్కల ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని అక్కడే బీడీలు చుట్టేవాళ్లు. నీడ ఉంటుంది, గేటు నుంచి వెలుతురు వస్తుంది. సమ్మె రోజుల్లో కిరాయిలు లేక కారు లేవకపోయేసరికి, వాళ్లంతా గోడవార మిగిలిన జాగాలో ఇరుక్కుని కూర్చుంటున్నారు. బీడీ ఆకుకు నూనె వాసన అంటితే కంపెనీవాళ్లు ఆ బీడీలను ఏరి పక్కన పడేస్తారు. అదొక భయం.

రజియా చాయ్ పెట్టడానికి లోపలికి పోగానే యాకూబ్ భాయి గొంతు తగ్గించాడు.

"నున్నటి టైల్సే మంచియని చెప్పుండ్రి మేడం. రజియా పొద్దంత గా గరుకు మీద కూసోని మోకాళ్లు ఒరుసుకపోతున్నయి. నేను చెప్తె ఇనది. ఇంజనీరమ్మ చెప్తె ఇంటది."

చాయ్ తాగాక ఆయన ఎవరో పిలిస్తే గేటు దగ్గరికి వెళ్లాడు. వెంటనే రజియా నా పక్కకు జరిగింది.

"మేడం, గరుకుదే ఏపియ్యుండ్రి. నున్నటిదేస్తే ఈయన పడతడు. పడ్డా నాకు చెప్పడు. నాకేంది, ఇంత బొంతేసుకోని కూసుంట."

నేను ఇద్దరికీ సరే అనలేదు, కాదనలేదు.

కారు నిలిచే నేలకు మేము మూడు చూస్తాం: చక్రం బరువు ఓర్చుకోవాలి, నూనె పీల్చకూడదు, తడిసినప్పుడు కాలు జారకూడదు. షాబాదు బండ చవక, కానీ చక్రం కింద పొరలు పొరలుగా లేస్తుంది, నూనె తాగుతుంది. విట్రిఫైడ్ టైల్ నూనె తాగదు, కానీ కింద ఎక్కడైనా బోలుగా ఉంటే చక్రం ఎక్కగానే పగులుతుంది, తడిస్తే జారుతుంది. ఫ్లేమ్ గ్రానైట్ అని ఉంటుంది. రాయి మొహాన్ని మంటతో కాల్చి గరుకు చేస్తారు. దాని మీద ఒక పూత పూస్తే నూనె ఇంకదు, కాలు జారదు. కూర్చునేవాళ్లకు మాత్రం గుచ్చుకుంటుంది.

దుకాణం నుంచి ఒక్కో రకంలో కొన్ని ముక్కలు తెప్పించి, షెడ్డులో ఇసుక పరిచి వరుసగా కదలకుండా పరిపించాను. పైన సబ్బునీళ్లు చల్లించాను. రజియాను పక్కనే ఉండమని, యాకూబ్ భాయిని అన్నిటి మీదా నడవమన్నాను. ఆయన టైల్స్ మీద నడిచి, "ఒక్క జర్ర జారుతలేదు మేడం, ఫస్ట్ క్లాస్" అన్నాడు. నీళ్లు తుడిపించి, రజియాను చాట పట్టుకుని ఒక్కోదాని మీద కూర్చుని బీడీ చుట్టమన్నాను. ఆమె గ్రానైట్ మీద కూర్చుని, "పరుపు మీద కూసున్నట్టున్నది" అంది.

మా శాఖలో ఒక పద్ధతి ఉంది. కాంట్రాక్టరు తెచ్చిన సరుకును ఆయన మాట మీద పాస్ చేయం. పరీక్ష జరిగేటప్పుడు పక్కన నిలబడి చూసిన ఇంకో మనిషి సంతకం కావాలి. నేను ఆ పద్ధతే పెట్టాను. యాకూబ్ భాయి కాలు సంగతి రజియా చెప్పాలి, రజియా మోకాళ్ల సంగతి ఆయన చెప్పాలి, ఎవరి సంగతి వాళ్లు చెప్పుకోవద్దు అన్నాను.

రజియా ఆగలేదు. "ఆయన చెయ్యి చూడుండ్రి మేడం! గోడ సున్నమంత వేళ్లకే ఉన్నది. గోడ పట్టుకోని నడిసి ఫస్ట్ క్లాసట!"

"నువ్వేమన్న తక్కువ దానివా?" అన్నాడాయన. "మేడం, ఈమె బీడీ చుడితే ఇల్లు గాలినా కదలది. గిప్పుడు ఒక్క బీడీ చుట్టేదాంక కాళ్లు అటు మార్సె, ఇటు మార్సె. పరుపట, పరుపు!"

రజియా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. కాసేపటికి ఆ నవ్వు ఆగింది.

"మేడంకు నున్నటిది చెప్పుమని నువ్వే అన్నవా?" అని అడిగింది.

"గరుకుది చెప్పుమని నువ్వన్నవా?" అన్నాడు.

రజియా లేచి తడిగుడ్డ తెచ్చి, ఆయన వేళ్ల సున్నం తుడిచింది. నేను సుద్దముక్క తీసుకుని నేల మీద గీతలు గీయడం మొదలుపెట్టాను.

కారు నిలిచే మేర, డ్రైవరు తలుపు తీసి గడప దాకా నడిచే మేర ఫ్లేమ్ గ్రానైట్. అవతలి గోడ వెంట, చక్రం ఎక్కని చోట, నలుగురైదుగురు కాళ్లు ముడుచుకుని కూర్చునేంత వెడల్పున పాలిష్ పట్టిన షాబాదు బండ. రెండింటికీ నడుమ సన్నని కాలువ, వాలు గేటు వైపు. కారు కడిగిన నీళ్లు, కారిన నూనె ఆడవాళ్ల దిక్కు రావు. కారు లేవని రోజు కూడా వాళ్ల జాగా వాళ్లకు ఉంటుంది.

కరీంనగర్ నుంచి రాయి వస్తుంటే జగిత్యాల దగ్గర రాస్తారోకోలో లారీ ఆగింది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారట. "ఏడి రాయి?" అని అడిగారట. "మన కరీంనగర్దే అన్నా" అన్నాడట డ్రైవరు. "గట్లయితే బువ్వ తిని పో" అని కూర్చోబెట్టి వడ్డించారట. సాయంత్రానికి లారీ కోరుట్ల చేరింది. మేస్త్రీ రాళ్లు పరిచి, సందులు నింపి, ఆరాక పూత పూశాడు. నేను రిటైరయ్యేదాకా ఆ షెడ్డును చూస్తూనే ఉన్నాను. ఒక్క రాయి కదల్లేదు, యాకూబ్ భాయి మళ్లీ పడలేదు.

ఆ తర్వాత ఏ ఇంటికి నేల గురించి సలహా చెప్పాల్సి వచ్చినా, ఇంటాయనను ఒక మాట అడిగి, ఆయన నడకను రోజూ చూసే మనిషిని పక్కకు పిలిచి రెండు మాటలు అడిగేదాన్ని. రాయి ఏదన్నది ఆ తర్వాతే రాసేదాన్ని.